ఇరవై మూడు వేల అడుగుల మీద డక్టు పని

ఇళ్ళలో విమానాలు కట్టుకునేవాళ్ళు ఉంటారని ఎప్పుడో విన్నాను. వాటికి డక్టులు కూడా వాళ్ళే వేసుకుంటారన్నది మాత్రం ఈ మధ్యే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి నాకు వేరే మాట తోచడం లేదు. ఇంట్లో చెప్పాను, సైటులో ఫోర్‌మన్‌కు చెప్పాను, చాయ్ పోసే కేరళ కుర్రాడికి కూడా నా హిందీలో చెప్పాను. ఇక మీరే మిగిలారు.

మేముండేది అబుదాబి పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. అంత పేరు ఎవరూ పలకరు, ఎంబీజెడ్ అంటే చాలు. పక్కనే ముసఫ్ఫా. గ్యారేజీలు, వెల్డింగు షాపులు, జీఐ రేకు వంచి డక్టులు చేసే ఫ్యాక్టరీలు అన్నీ అక్కడే. జగిత్యాల, నిజామాబాద్ దిక్కు నుంచి వచ్చినవాళ్ళు ఆ షెడ్లలో చాలామందే కనిపిస్తారు. నా బతుకూ ఆ రేకులతోనే గడిచింది. అందులోనూ నేను ఎక్కువగా చేసింది స్టెయిర్‌కేస్ ప్రెషరైజేషన్. ఎత్తైన భవనంలో నిప్పంటుకుంటే జనం దిగేది మెట్ల మీదుగానే కదా. ఆ మెట్ల గదిలోకి పొగ చొరబడకుండా ఫ్యానుతో గాలి నింపి, బయటి కన్నా లోపల ఒత్తిడి కాస్త ఎక్కువుండేలా చూస్తాం. కాస్త అంటే మామూలుగా 50 పాస్కళ్ళు. మరీ ఎక్కువైతే ముసలివాళ్ళు తలుపు తోయలేరు, అందుకని ఎక్కువైన గాలి బయటికి పోవడానికి రిలీఫ్ డ్యాంపర్ పెడతాం. ఈ పనిలో తల నెరిసిన నాకు, ఇదే పనిని ఆకాశంలో, నాలుగు సీట్ల బుల్లి విమానంలో, ఒక మామూలు మనిషి తన గ్యారేజీలో కూచుని చేస్తాడంటే కళ్ళు తిరగవా?

చూపించింది మా అంతస్తులోనే ఉండే అన్న. రాజమండ్రి వైపు మనిషి, విమానాల మెయింటెనెన్సులో పనిచేస్తారు. ఇంట్లో కట్టుకునే విమానాలంటే ఆయనకు పిచ్చి. వాటి నిర్మాణ పుస్తకాలు, డ్రాయింగులు ప్రింటు తీసి బైండు చేయించి పెట్టుకున్నారు. తుక్కు కింద పోయిన పాత విమానంలోని ఒక వాల్వు ఆయన టీపాయి మీద ఉంటుంది. గుండ్రటి అల్యూమినియం తొడుగు, లోపల పల్చటి రబ్బరు డయాఫ్రం, దాని వెనక ఒక స్ప్రింగు.

"ఇదేంటో చెప్పండి తమ్ముడూ," అన్నారు.

"రిలీఫ్ డ్యాంపర్ లెక్కున్నదే అన్నా."

"అదేనండి. కాకపోతే మీ మెట్ల దగ్గర అది పాడైతే తలుపు బిగుసుకుంటుంది. ఇది పాడైతే మనిషికి తెలివి తప్పుతుంది."

ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని కూచున్నవాళ్ళం అన్నం సంగతి మర్చిపోయాం.

ఆయన చూపించిన విమానం ల్యాన్సెయిర్ 4పీ. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం రెడ్మండ్ నుంచి లాన్స్ నైబౌర్ అనే డిజైనర్ కంపెనీ 1990ల్లో అమ్మిన కిట్టు. కార్బన్ ఫైబర్ ఒళ్ళు, నాలుగు సీట్లు, ముక్కులో 350 హార్స్‌పవర్ కాంటినెంటల్ పిస్టన్ ఇంజిన్, దానికి రెండు టర్బోలు. పేరు చివర ఉన్న పీ అంటే ప్రెషరైజ్డ్ అని. గంటకు 500 కిలోమీటర్ల పైమాటే పోతుంది. దాన్ని పెట్టెల్లో తెచ్చుకుని ఇంట్లో కట్టుకునేవాళ్ళు. అమెరికాలో సగానికి పైగా పని చదువు కోసమో సరదా కోసమో సొంతంగా చేసినట్టు చూపిస్తే, అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ దాన్ని ఎక్స్‌పెరిమెంటల్ కింద ఎగరనిస్తుంది. డాక్టర్లు, వ్యాపారులు, రిటైరైన ఇంజినీర్లు ఏళ్ళ తరబడి ఈ పని మీద కూచుంటారట. మన దేశంలోనూ ఇలాంటి మొండివాళ్ళు లేకపోలేదు. ముంబయి కాందివలిలో అపార్టుమెంటు డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2017లో దానికి మన విమానయాన సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ తెచ్చుకున్న పైలట్ అమోల్ యాదవ్ సంగతి పేపర్లలో చదివే ఉంటారు.

సరే, నా డక్టులకు వస్తాను.

విమానం క్యాబిన్ అంటే గట్టిగా మూత బిగించిన డబ్బా అని నేననుకునేవాణ్ణి. నేల మీది గాలినే లోపల పెట్టి మూసేసి తీసుకుపోతారని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే లోపలున్నవాళ్ళ ఊపిరికే గాలి చెడిపోతుంది. అసలు సంగతి పూర్తిగా తిరగేసి ఉంది. క్యాబిన్ కారుతూనే ఉంటుంది, కారాలి కూడా. ఒక పక్క నుంచి గాలి ఆగకుండా వస్తుంటుంది, ఇంకో పక్క నుంచి పోతుంటుంది. పోయే దారిని ఎంత ఇరుకు చేస్తామన్న దాని మీదే లోపలి ఒత్తిడి ఆధారపడి ఉంటుంది. అన్న టీపాయి మీదున్నది ఆ పోయే దారి వాల్వే, దాన్ని ఔట్‌ఫ్లో వాల్వు అంటారు. మా మెట్ల గదిలో ఫ్యాను ఆడుతూనే ఉంటుంది, రిలీఫ్ డ్యాంపర్ రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. అచ్చం అదే!

లెక్కలు మాత్రం అదే కాదు. అక్కడే నాకు మతిపోయింది.

ల్యాన్సెయిర్ 4పీ క్యాబిన్ లోపలికీ బయటికీ మధ్య 5 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 5 పౌన్ల తేడాను తట్టుకుంటుంది. దాన్ని మా పాస్కళ్ళలోకి మార్చి చూశాను. 34,000 పైచిలుకు! మేం డక్టు లీకేజీ టెస్టుకు మామూలు లైన్లలో 500 పాస్కళ్ళు ఎక్కిస్తేనే కన్సల్టెంటు మీటరు పట్టుకుని పక్కన నిలబడతాడు. మెట్ల గదిలో 50 దగ్గర రెండు చదరపు మీటర్ల తలుపు మీద పడే బలం పది కిలోల బరువంత. ఈ విమానంలో అర చదరపు మీటరు తలుపున్నా దాన్ని బయటికి తోసే బలం 1,750 కిలోల బరువంత. తలుపు చుట్టూ మామూలు గ్యాస్కెట్ పెడితే ఆగుతుందా? అందుకే గాలి పోస్తే ఉబ్బే రబ్బరు సీలు వేస్తారు. తలుపు వేశాక చిన్న పంపు ఆ సీలును ఉబ్బిస్తుంది, అది సందునంతా నింపేస్తుంది. మన ఊళ్ళో కూచుని ఎవరైనా ఇలా చెబితే సినిమా కథ అనేవాణ్ణి.

ఆ 5 పీఎస్‌ఐ ఎందుకంటే, సముద్రమట్టాన గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ. 23,000 అడుగుల మీద 5.9 దాకా పడిపోతుంది. ఇంకాస్త పైన, 25,000 అడుగుల దగ్గర ఆక్సిజన్ లేకుండా ఉంటే మనిషికి పనికొచ్చే తెలివి నిలిచేది మూడు నుంచి ఐదు నిమిషాలే. ఆ 5.9కి 5 కలిపితే 10.9. అది 8,000 అడుగుల కొండ మీద ఉండే ఒత్తిడి. అంటే విమానం 23,000 మీద పోతుంటే లోపలివాళ్ళు ఊటీ కన్నా కొంచెం ఎత్తైన ఊళ్ళో కూచున్నట్టు. ముక్కుకు మాస్కు లేదు, వీపుకు సిలిండరు లేదు. పెద్ద విమానాల్లోనూ క్యాబిన్ ఎత్తు 8,000 అడుగులు దాటకుండా చూస్తారు. శంషాబాద్‌లో దిగేటప్పుడు మన చెవులు దిబ్బళ్ళు వేయడానికి కారణం ఇదేనని నాకిప్పుడు కాగితం మీద లెక్కతో సహా తెలుసు.

ఇంత గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రత్యేకంగా ఫ్యాను లేదు! ఇంజిన్ కోసం పెట్టిన టర్బోనే ఫ్యాను. పైకి పోయే కొద్దీ గాలి పలచబడి పిస్టన్ ఇంజిన్‌కు ఊపిరాడదు. పొగగొట్టంలోంచి పోయే వేడి గాలితో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీద ఇంకో చక్రంతో బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతారు. అదే టర్బో. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు శాన్‌ఫర్డ్ మాస్ 1918లో ఒక ఇంజిన్‌ను కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ నెత్తి మీదికి, 14,000 అడుగులకు మోయించి అక్కడ పరీక్షించాడట. ఆ టర్బో గాలిలోంచి కొంత చీల్చి మనుషులకు ఇద్దామన్న ఆలోచనతో 1937లో లాక్‌హీడ్ ఎక్స్‌సీ-35 ఎగిరింది. ఎనభై ఏళ్ళు దాటిన ఆ ఆలోచననే ఇప్పుడొకడు తన గ్యారేజీలో స్పానరు పట్టుకుని బిగిస్తున్నాడు.

బిగించే సామాను చూడండి. నాకు ముద్దొచ్చిన భాగం ఇదే కాబట్టి కాస్త ఓపిక పట్టాలి.

మొదటిది సోనిక్ వెంచురీ. చూడ్డానికి నడుం సన్నగా ఉన్న చిన్న గొట్టం, అంతే. లోపల కదిలే ముక్క ఒక్కటి లేదు. మేం డక్టులో గాలి తగ్గించాలంటే వీసీడీ డ్యాంపర్ పెడతాం, దానికో పిడి, దాన్ని ఎవడో తిప్పేసి పోతాడు, మళ్ళీ బ్యాలెన్సింగు మొదలు. ఈ గొట్టానికి ఆ బాధ లేదు. సన్నటి గొంతు దగ్గర గాలి వేగం శబ్దవేగాన్ని అందుకుంటుంది. అందుకున్నాక, అవతలి పక్క ఒత్తిడి ఎంత పడిపోయినా అంతకు మించి గాలి పోదు. అవతల ఏం జరిగిందన్న కబురు వెనక్కి రావాలంటే శబ్దవేగంతోనే రావాలి, ఎదురుగా గాలి అదే వేగంతో వస్తుంటే ఆ కబురు చేరదు. కిటికీ పగలనీ, క్యాబిన్ గొట్టం ఊడనీ, ఇంజిన్ వాటా గాలి ఇంజిన్‌కు ఉంటుంది. లోపల గాలి పోయినా ఇంజిన్ ఆగదు, పైలట్ కిందికి దిగి ప్రాణాలు దక్కించుకోవచ్చు. కరెంటు లేకుండా, మోటారు లేకుండా, సెన్సరు లేకుండా ఒక గొట్టం ఆకారమే కాపలా కాస్తోంది! పాతికేళ్ళు డ్యాంపర్లు తిప్పిన చేతులివి, దండం పెట్టబుద్ధయింది.

గొంతు అర అంగుళం అనుకుని, ఇంజిన్ పైపులో ఒత్తిడి 38 అంగుళాల పాదరసం అనుకుని నేనే లెక్క కట్టాను. నిమిషానికి దాదాపు రెండు కిలోల గాలి వస్తుంది. 8,000 అడుగుల ఒత్తిడి దగ్గర అది మా భాషలో 80 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 80 ఘనపుటడుగులు. బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాను లాగేటంత! నలుగురికి పంచితే మనిషికి 20 సీఎఫ్ఎం. ఆఫీసు భవనాలకు మనిషికింతని మేం వేసుకునే పాత లెక్కా సరిగ్గా అదే. ఈ ఒక్క సంగతి రాసిన కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకు తిరుగుతున్నాను.

తర్వాతది వేడి. బయట సున్నాకు కింద 30 డిగ్రీలు. అదే గాలిని టర్బో మూడింతలు నొక్కేసరికి నా లెక్క ప్రకారం వంద డిగ్రీల దగ్గరికి పోతుంది. చలికి వణకాల్సిన చోట మరిగే గాలి! కాబట్టి దాన్ని హీట్ ఎక్స్ఛేంజర్ గుండా పంపి, బయటి చలిగాలితోనే చల్లార్చి లోపలికి వదులుతారు. చలి కావాలంటే ఎక్కువ చల్లారుస్తారు, వెచ్చదనం కావాలంటే తక్కువ. పైన హీటరు ఖర్చు లేదు. నేల మీద మాత్రం ఇది తలనొప్పే. ఆగస్టులో మా ఎంబీజెడ్ ఎండకు ఈ గాలి తోడైతే లోపలివాళ్ళు ఉడికిపోతారు, అందుకే కింద ఉన్నంతసేపు ఆ గాలిని బయటికి మళ్ళించే వాల్వు ఒకటి ఉంటుంది. ఇంజిన్ వైపు నుంచి నూనె పొగ వాసన వచ్చినా పైలట్ లాగేది ఆ వాల్వు పిడినే.

గొట్టాలు సిలికాన్ పూసిన గ్లాస్ ఫైబర్ గుడ్డతో చేసినవి, లోపల తీగ చుట్ట. మా ఫ్లెక్సిబుల్ డక్టుకు పెద్దింటి అన్న అనుకోండి. అల్యూమినియం పైపు మీదికి దాన్ని తొడిగి క్లాంపు బిగించేస్తే సరిపోదు. పైపు అంచున చుట్టూ చిన్న ఉబ్బు తీయాలి, క్లాంపు ఆ ఉబ్బు వెనక కూచోవాలి. లేకపోతే ఒత్తిడికి గొట్టం మెల్లగా జారి ఊడిపోతుంది. ఇంజిన్‌కూ మనుషులకూ మధ్య ఉన్న ఫైర్‌వాల్ స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. దానికి రంధ్రం పెట్టిన ప్రతిచోటా మంటను ఆపే సీలెంటు పూయాలి. ఇది మాకూ అలవాటే, ఫైర్ రేటెడ్ గోడలోంచి డక్టు పోతే మేం చేసేదీ అదే.

ఫైర్‌వాల్ దాటాక నాన్ రిటర్న్ వాల్వు. ఒక రేకు రెప్ప, ఒకవైపే తెరుచుకుంటుంది. ఇంజిన్ ఆగిపోతే క్యాబిన్ గాలి వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తకుండా ఆపుతుంది. బాణం గుర్తు చూసి పెట్టాలి. తిరగేసి పెడితే నేల మీద ఏ తేడా తెలియకపోవచ్చు, పైకెళ్ళాకే తెలుస్తుంది. ఇలాంటి చోట్ల నేనైతే ఇంకొకణ్ణి పిలిచి చూపిస్తా, ఎంత అనుభవమున్నా సరే.

చివరికి ఆ టీపాయి వాల్వు. సాధారణంగా క్యాబిన్ వెనక గోడకు బిగిస్తారు. డయాఫ్రం వెనకున్న చిన్న గదిలో ఎంత ఒత్తిడి ఉంచితే, క్యాబిన్ ఒత్తిడి దాన్నిబట్టి సర్దుకుంటుంది. ఆ చిన్న గదికి పెన్సిలంత సన్నటి గొట్టం, దాని చివర పైలట్ ముందు ఒక కంట్రోలరు, లోపల గాలి తీసేసిన లోహపు తిత్తి. ఎత్తు మారితే తిత్తి ఉబ్బుతుంది లేదా ముడుచుకుంటుంది, దాన్నిబట్టి సూది రంధ్రం మూసుకోవడమో తెరుచుకోవడమో జరిగి వాల్వు కదులుతుంది. పాత రకం కంట్రోలర్లలో కంప్యూటరు అన్న మాటే లేదు. ఇది మొరాయిస్తే ఏమిటని పక్కనే దానికి జతగా సేఫ్టీ వాల్వు. ఒత్తిడి హద్దు దాటితే అది తనంతట తెరుచుకుంటుంది. నేల మీద చక్రాలు ఆనగానే స్విచ్చు పడి లోపలి ఒత్తిడి మొత్తం వదిలేస్తుంది, లేకపోతే టన్నుల బలంతో నొక్కుకుని ఉన్న తలుపుకు ఎవడు చెయ్యి పెడతాడు? పూర్వం విమానాల్లో సిగరెట్లు తాగే రోజుల్లో పొగ జిగురు ఈ వాల్వులకు పట్టి ఇరుక్కునేవట. అదే జిగురు విమానం ఒంటికి ఎక్కడైనా పగులుంటే అక్కడ గోధుమరంగు మరకై బయటపడి మెకానిక్కులకు దారి చూపేదట. ఇది చెప్పేటప్పుడు అన్న ముఖం చూడాలి, సిగరెట్లకు కూడా ఒక మంచి మాట దొరికిందని ఎంత మురిసిపోయారో.

సామాను తక్కువే. కష్టమంతా కారడం దగ్గరుంది. కంట్రోలు తీగలు, కరెంటు వైర్ల కట్టలు, నూనె గేజీ గొట్టాలు, అన్నీ క్యాబిన్ గోడను తొలుచుకునే పోవాలి. అవన్నీ ఎంత కారొచ్చు? దీనికీ లెక్క వేశాను. అన్ని సందులూ కలిపి 16 మిల్లీమీటర్ల రంధ్రానికి సమానమైతే చాలు, ఔట్‌ఫ్లో వాల్వు పూర్తిగా మూసుకున్నా ఆ గాలంతా వాటిలోంచే పోతుంది, 5 పీఎస్‌ఐ నిలవదు. బొటనవేలు పట్టని ఒక్క రంధ్రం! విమానం మొత్తానికి అంతే బడ్జెట్టు! మా సైటులో ఒక్క ఫ్లాంజి మూలకే అంతకన్నా పెద్ద సందు వదిలేసే మహానుభావులున్నారు, పేర్లు చెప్పను.

పరీక్ష కూడా మా పద్ధతే. బయటి నుంచి బ్లోయరుతో క్యాబిన్‌లోకి గాలి కొట్టి, సబ్బు నీళ్ళు పూసి బుడగలు ఎక్కడొస్తాయో వెతుకుతారు. చెవి పెట్టి వింటారు. కానీ ఇక్కడ గాలితో ఆటలు కూడదు. నొక్కి పెట్టిన గాలి స్ప్రింగు లాంటిది, ఏదైనా పగిలితే పేలుతుంది. నీళ్ళకు ఆ గుణం లేదు, అందుకే మేం చిల్డ్ వాటర్ పైపుల్ని నీళ్ళతోనే టెస్టు చేస్తాం. 1954లో రెండు కామెట్ జెట్లు గాల్లోనే చీలిపోయాక ఇంగ్లండులో ఫార్న్‌బరో ఇంజినీర్లు ఆ విమానం ఒంటిని పెద్ద నీళ్ళ తొట్టిలో ముంచి, లోపల నీళ్ళతోనే ఒత్తిడి ఎక్కిస్తూ దించుతూ కారణం పట్టుకున్నారు. ఒత్తిడి ఎక్కడం దిగడం వల్ల లోహం అలసి పగిలిందని తేలింది. ఒక క్యాబిన్ ఎగిరిన ప్రతిసారీ ఒకసారి ఉబ్బి, ఒకసారి తగ్గుతుంది. మా డక్టుల్ని ఎవరూ అలా రోజూ ఊదరు.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన మెట్ల ఫ్యానుకు ఒక్కటే పని. ఈ టర్బోకు రెండు. పైలట్ దిగుదామని థ్రాటిల్ ఒక్కసారిగా వెనక్కి లాగితే ఇంజిన్ పొగ తగ్గుతుంది, టర్బో నెమ్మదిస్తుంది, క్యాబిన్‌కు వచ్చే గాలి పడిపోతుంది. సందులు మాత్రం కారుతూనే ఉంటాయి. విమానం కిందికి దిగుతుంటే లోపలి ఎత్తు పైకి పోతుంది! చెవులు తలకిందులవుతాయి. అందుకే ఇలాంటి విమానాల పైలట్లు దిగేటప్పుడు ఇంజిన్‌కు కొంత పవరు ఉంచుతూ, ముందు నుంచే నిదానంగా దిగడం మొదలుపెడతారు. ఎంత బాగా సీలు చేసిన విమానమైతే అంత తక్కువ పవరుతో దిగొచ్చు. కట్టేటప్పుడు పడిన శ్రద్ధకు ఫలితం దిగేటప్పుడు కనిపిస్తుంది.

భయం లేదా అంటే ఉంది. 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి బయల్దేరిన హీలియోస్ విమానంలో ప్రెషరైజేషన్ స్విచ్చు మాన్యువల్ మీదే ఉండిపోయింది. ఎవరూ గమనించలేదు. పైలట్లకు తెలివి తప్పింది, 121 మంది పోయారు. 2018 సెప్టెంబరులో ముంబయి నుంచి జైపూర్ వెళ్ళే జెట్ ఎయిర్‌వేస్ విమానంలో గాలి స్విచ్చు వేయడం మర్చిపోతే కొందరు ప్రయాణికులకు ముక్కుల్లోంచి, చెవుల్లోంచి రక్తం కారింది, విమానం వెనక్కి తిరిగింది. శిక్షణ పొందిన సిబ్బంది దగ్గరే ఇలా జరిగితే ఒంటరిగా ఎగిరేవాడి సంగతేమిటి? ల్యాన్సెయిర్లు చాలా వేగమైనవి, దిగేటప్పుడు కూడా వేగమే, వాటి ప్రమాదాల గురించి ఎఫ్ఏఏ ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా. కాబట్టి క్యాబిన్ ఎత్తు చూపే గేజీ, హద్దు దాటితే వెలిగే ఎర్ర దీపం, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టరు, చేతికందే దూరంలో ఆక్సిజన్ సీసా తప్పనిసరి. వీటి దగ్గర పైసలు మిగిల్చేవాడు విమానం కట్టకుండా కారు కొనుక్కోవడం మేలు.

భయపెట్టి వదిలేయను లెండి. ఇంటి విమానాల లోకం నుంచి మనకు దగ్గరగా వచ్చిన కథ ఒకటుంది. ఫోమ్, గ్లాస్ ఫైబర్లతో ఇంట్లోనే విమానం చేసుకునే దారిని 1970ల్లో వేరీఈజీ, ఆ తర్వాత లాంగ్‌ఈజీ డిజైన్లతో బాగా వాడుకలోకి తెచ్చినవాడు బర్ట్ రూటాన్. ఆయనే తర్వాత స్పేస్‌షిప్‌వన్ డిజైన్ చేశాడు. 2004లో ఒక ప్రైవేటు వాహనం మనిషిని అంతరిక్షం అంచుకు తీసుకుపోవడం అదే మొదలు. ఆ వంశంలోదే వర్జిన్ గెలాక్టిక్ కంపెనీ అంతరిక్ష విమానం యూనిటీ. 2021 జులై 11న అందులో కూచుని 80 కిలోమీటర్ల పైకి వెళ్ళొచ్చింది మన గుంటూరు మూలాలున్న శిరీష బండ్ల. వాళ్ళెవరి ఒంటి మీదా ప్రెషర్ సూటు లేదు. క్యాబిన్ గోడలూ, సీళ్ళూ, లోపల నిలిపిన గాలీ, అంతే రక్షణ. టీవీలో చప్పట్లు కొట్టిన రోజున నాకిది తెలియదు. తెలిసుంటే ఇంకా గట్టిగా కొట్టేవాణ్ణి.

మా ఆవిడ అడిగింది, "ఇంత చెప్తున్నవ్, నువ్వు గిట్ల విమానం కడ్తవా ఏంది?" అని. కట్టను. నాకంత డబ్బూ లేదు, ధైర్యమూ లేదు, పైలట్ లైసెన్సు అసలే లేదు. కానీ ఇన్నేళ్ళూ నేను చేసిన పనిని పై అంతస్తులవాళ్ళు ఫాల్స్ సీలింగు వెనక దాచేశారు, ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. ఆ పనికే ఆకాశంలో ఇంత మర్యాద ఉందని తెలిశాక ఫ్యాక్టరీలో రేకు ముట్టుకునే తీరే మారిపోయింది. నిన్న ఒక ఎన్‌ఆర్‌డీ, అదే నాన్ రిటర్న్ డ్యాంపర్, బిగించేటప్పుడు బాణం గుర్తు ఒకటికి రెండుసార్లు చూశాను, హెల్పరు నవ్వాడు.

నా తీర్పు అడిగితే, నేను చూసిన డక్టు పనుల్లోకెల్లా గొప్పది ఇదే. బుర్జులూ మాల్సూ దీని తర్వాతే. ముసఫ్ఫా షెడ్లలో రేకు కోసే తమ్ముళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక ఆదివారం ఎంబీజెడ్ వైపు రండి. వాల్వు అన్న ఇంట్లోనే ఉంది, పుస్తకం నా దగ్గరుంది, చాయ్ నేను పోయిస్తాను. ఊళ్ళో పిల్లలు ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడు చదువుతుంటే వాళ్ళకూ ఈ సంగతి చెప్పండి.